ఎవరి ముద్ర? ఎవరి మాట?

ధ్యాన భాగములు: మార్కు 12:13-17; లూకా 12:6-7; 1 తిమోతి 5:4-8



పన్ను విషయమై తన్ను మాటలలో చిక్కించుకొనవలెనని వచ్చినవారిని మన ప్రభువు ఒక నాణెము తెమ్మనెను. అది తెచ్చినప్పుడు దాని తూకమెంత అని ఆయన అడుగలేదు. బజారులో దానికి ఏమి వచ్చునని అడుగలేదు. దానిమీదనున్న రూపము ఎవరిది, వ్రాత ఎవరిది అని మాత్రమే అడిగెను. నాణెముల సంగతి ఎరిగినవారు ఈనాటికిని మొదట అడుగు ప్రశ్న అదే. ముద్ర ఎవరిదో చూడకయే వెల చెప్పువాడు తెలియనివాడైనను కావలెను, మోసగాడైనను కావలెను.

ఈ సంగతి ఇప్పుడు వ్రాయుటకు కారణము కలదు. మా సంఘములో ఎనుబదియేండ్లు దాటిన ఒక విధవరాలు ఉన్నది. ఆమె తాతగారి తండ్రి జర్మను దొరగారి యెడ్లబండి తోలినవాడు. జర్మనీ దేశములోని హెర్మన్స్‌బుర్గు అను చిన్న ఊరినుండి 1860ల దశకములో మిషనెరీలు నెల్లూరు సీమకు వచ్చి సువార్త ప్రకటించిరనియు, వారి ప్రయాసమునుండియే దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘము పుట్టెననియు మీలో అనేకులకు తెలియును. ఆ దొరలలో ఒకరు తన బండివానికి జ్ఞాపకార్థముగా ఇచ్చిన రాగి నాణెమొకటి నాలుగు తరములుగా ఆ యింట కొయ్యపెట్టెలో గుడ్డమూటలో నుండెను.

ఇటీవల ఆమె మనుమడు దానిని ఫొటో తీసి, సెల్‌ఫోనులో కనబడిన ఒక ప్రకటనకు పంపెను. అది చాల అరుదైన నాణెమనియు, 12 లక్షల రూపాయలు ఇత్తుమనియు, అయితే ముందుగా రిజిస్ట్రేషను రుసుము 4,500 రూపాయలు కట్టవలెననియు జవాబు వచ్చెను. రుసుము కొరకు అవ్వ చెవికమ్మలు కుదువ పెట్టుటకు ఇంటివారు సిద్ధపడిరి. బయలుదేరు ముందు, “అయ్యగారూ, దీనిమీద ఏదో ఇంగ్లీషు మాదిరి రాసుంది, మీరొకసారి చూచి చెప్పండి” అని మా యింటికి తెచ్చిరి. ఆ యింటివారి అనుమతితోనే ఈ సంగతి వ్రాయుచున్నాను. “రాయండి అయ్యగారూ, ఇంకొకరైనా మోసపోకుండా ఉంటారు” అని ఆ మనుమడే నాతో అనెను.

అట్టి నాణెమును ఎట్లు గుర్తింపవలెనో మొదట చెప్పెదను. జర్మనీ 1871కి ముందు ఒకే రాజ్యము కాదు. ప్రష్యా, సాక్సనీ, బవేరియా, బ్రున్స్‌విక్ మొదలైన అనేక రాజ్యములు వేరువేరుగా నాణెములు ముద్రించుకొనుచుండెను. పేరు ఒకటైనను లెక్క ఒకటి కాదు. ప్రష్యాలో 1821 నుండి 360 ఫెన్నిగులు ఒక తాలరు. తాలరనగా వెండి నాణెము. సాక్సనీలో 1840 తరువాత 300 ఫెన్నిగులే ఒక తాలరు. కాబట్టి ఫెన్నిగు అను మాట చదివినంత మాత్రమున చాలదు, ఏ రాజ్యపు ఫెన్నిగో చూడవలెను. దానికి గుర్తు డాలుమీద నుండును. గ్రద్ద బొమ్మ ప్రష్యాది. పరుగెత్తు గుఱ్ఱము బ్రున్స్‌విక్‌ది.

అవ్వ తెచ్చిన నాణెమును కిటికీయొద్ద వెలుగునకు ఏటవాలుగా పట్టి చూచితిమి. అరిగిపోయియున్నను, కిరీటముగల డాలును, దానిలో గ్రద్దయు కనబడెను. చుట్టును “120 ఐనెన్ తాలర్” అను అక్షరములు. ఇట్టివి 120 కలిసి ఒక తాలరగునని దాని భావము. రెండవ ప్రక్కను 3 ఫెన్నిగులనియు, 1868 అనియు, క్రింద ‘ఏ’ అను ఒక్క అక్షరమును ఉండెను. ఆ అక్షరము టంకసాల గుర్తు. ‘ఏ’ అనగా బెర్లిను పట్టణము. ఇక్కడ జాగ్రత్త కావలెను, ఏలయనగా కాలము మారినప్పుడు అక్షరముల భావము కూడ మారెను. ‘డి’ అను అక్షరము ప్రష్యా నాణెముమీద డుసెల్డార్ఫ్ పట్టణమునకు గుర్తు. 1871 తరువాత వచ్చిన జర్మను సామ్రాజ్యపు నాణెముమీద అదే అక్షరము మ్యూనిక్ పట్టణమునకు గుర్తు. అందుచేత డాలు, విలువ, సంవత్సరము, అక్షరము, ఈ నాలుగును కలిపి చదివినప్పుడే నాణెము తన సంగతి చెప్పును.

అయస్కాంతము కూడ ఒక సాక్షి. నిజమైన రాగి దానికి అంటుకొనదు. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత 1948 నుండి పశ్చిమ జర్మనీలో వచ్చిన ఒక ఫెన్నిగు నాణెము పైకి రాగివలె మెరయును గాని లోపల ఉక్కు. అయస్కాంతము చూపగానే అది దుమికి అంటుకొనును. పైపూతతో లోకమును నమ్మింపగల మనము దీనిని చూచి మన లోపలిది ఏమిటో ఆలోచించుకొనవలెను.

ఇక వెల మాట. పాత నాణెమునకు వెల దాని వయస్సునుబట్టి రాదు. అట్టివి ఎన్ని మిగిలియున్నవి, అది ఎంత చెడక నిలిచియున్నది, దానిని కోరువారెందరు అను మూడు సంగతులనుబట్టి వచ్చును. ప్రష్యా రాజ్యపు ఈ చిల్లర నాణెములు మిక్కిలి విస్తారముగా ముద్రింపబడినవి. ఇంతగా అరిగినదానికి జర్మనీలోనే ఒక యూరో, అనగా సుమారు వంద రూపాయలు, వచ్చుట గొప్ప. ఆ మాట నేను చెప్పినప్పుడు ఇంటివారి ముఖములు వాడిపోయినవి. పన్నెండు లక్షలు పోయెను. అయితే 4,500 రూపాయలును అవ్వ కమ్మలును నిలిచెను.

సంఘములోని ప్రతివారు ఇది గుర్తుంచుకొనవలెను. పాత నాణెములును నోట్లును కొందుమని చెప్పి, తమ పేరు వాడుకొని రుసుములు వసూలు చేయువారిని నమ్మవద్దనియు, అట్టి వ్యాపారముతో తమకు సంబంధము లేదనియు భారత రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలకు హెచ్చరిక చేసెను. నిజముగా కొనువాడు మీకు డబ్బిచ్చును గాని మీయొద్ద ముందుగా డబ్బు అడుగడు. ఈ ఒక్క మాట ఇంటింట చెప్పుకొనుడి.

ప్రియులారా, ఈ చిన్న నాణెము మనకు నాలుగు సంగతులు బోధించుచున్నది.

మొదటిది, ముద్ర. ఎన్ని చేతులు మారినను, నూట యేబదియేండ్లు గడచినను, ఆ గ్రద్ద గుర్తు పూర్తిగా చెరిగిపోలేదు. వెలుగునకు సరిగా పట్టినవారికి అది కనబడెను. దేవుడు మనుష్యుని తన స్వరూపమందు సృజించెనని ఆదికాండము మొదటి అధ్యాయము చెప్పుచున్నది. కైసరు ముద్రగలది కైసరునకు చెల్లవలెనని చెప్పిన ప్రభువు, దేవునివి దేవునికి చెల్లింపుమనియు చెప్పెను. దేవుని ముద్ర దేనిమీద ఉన్నది? రాగిమీద కాదు, మనుష్యునిమీదనే. పాపము, వ్యాధి, ముసలితనము, బీదతనము ఆ ముద్రను అరుగగొట్టును. మనము చూడవలసిన రీతిని చూడనందున అది మనకు కనబడదు. తాగుబోతని మనము దాటిపోవు వానిలోను, మతి తప్పినదని పిల్లలు రాళ్లు రువ్వు దానిలోను ఆ ముద్ర ఉన్నది.

రెండవది, తోమకూడదు. నాణెమును చూచి, “చింతపండు, బూడిద వేసి తోమితే బంగారంలా మెరుస్తుంది అయ్యగారూ” అని అవ్వ కోడలు అనెను. మన రాగి చెంబులకు అది మంచి పనియే. నాణెమునకు అది నాశనము. కాలము దానిమీద కప్పిన గోధుమవన్నె పొరను తోముడు తీసివేయును, మిగిలియున్న గీతలను కూడ అరుగదీయును. తోమిన నాణెమును ఎరిగినవారు ప్రక్కకు నెట్టుదురు. ఎంత తోమినను పోయిన గ్రద్ద తిరిగి లేవదు. అది తిరిగి స్పష్టముగా కనబడవలెనంటే, ఆ రాగి మరల టంకసాలకు పోయి, నిప్పులో కరిగి, క్రొత్తగా ముద్ర వేయించుకొనవలెను. మన సంగతియు అంతే. పండుగకు ముందు కొంచెము తోముకొనుట, పదిమందిలో మెరయుట, ఇవి దేవుని ముద్రను మరల తేజాలవు. సృష్టించినవాని పోలిక చొప్పున నూతనపరచబడవలెనని కొలొస్సయులకు వ్రాసిన పత్రిక మూడవ అధ్యాయములో పౌలు చెప్పుచున్నాడు. అది మన చేతిపని కాదు. మనలను మొదట ముద్రించినవానియొద్దకే తిరిగి పోవలెను.

మూడవది, రాజు మాట. ఈ నాణెముమీద ‘షైడె మ్యుంట్సె’ అను మాట కూడ ఉన్నది. అమ్మువాడును కొనువాడును లెక్క తీర్చుకొని విడిపోవుటకు పనికివచ్చు చిల్లర అని దాని భావము. వెండి తాలరులో దాని విలువకు తగిన వెండి ఉండును. చిల్లర నాణెములోనైతే దానిమీద వ్రాసిన విలువకు తగినంత రాగి లేదు. అయినను బజారులో అందరు దానిని పుచ్చుకొనిరి. ఎందుకు? 120 తెచ్చినయెడల ఒక తాలరుతో సమానమని ఆ కిరీటము మాట యిచ్చినది గనుక. దాని విలువ దాని రాగిలో లేదు, దానిమీది మాటలో ఉన్నది.

అయితే ఆ మాట ఇప్పుడు ఎక్కడ? 1871లో జర్మను సామ్రాజ్యము ఏర్పడెను. 1873 నాటి చట్టముచేత నూరు ఫెన్నిగుల మార్కు స్థిరపడి, పాత చిల్లర తొలగిపోయెను. 1914లో యుద్ధము వచ్చెను. యుద్ధమునకు రాగి అవసరమై 1916లో ఫెన్నిగును అల్యూమినియముతో చేయసాగిరి. మన దేశములోని జర్మను మిషనెరీలు ఆ యుద్ధకాలములోనే నిర్బంధింపబడి, స్వదేశమునకు పంపివేయబడిరి. 1918లో కైసరు సింహాసనము విడిచెను. 1923 నవంబరులో ఒక అమెరికా డాలరునకు 4,20,000 కోట్ల మార్కులు ఇయ్యవలసి వచ్చెను. జీవితమంతయు కూడబెట్టినవారి సొమ్ము ఒక రొట్టెకు చాలకపోయెను. 1947లో ప్రష్యా అను రాజ్యమే లేకుండ తీసివేయబడెను. 2002లో మార్కు కూడ పోయి యూరో వచ్చెను. ఈనాడు 120 నాణెములు గోనెలో పోసికొని బెర్లిను పోయినను, వాటికి ఒక తాలరు ఇచ్చు ఖజానా లేదు. రాజు పోయెను గనుక మాట పోయెను. లోకములోని ప్రతి రాజు మాటకును గడువు ఉన్నది. గడ్డి యెండును, పువ్వు వాడును గాని మన దేవుని వాక్యము నిలుచునని యెషయా నలుబదవ అధ్యాయములో ప్రకటించెను. మీ బాప్తిస్మమందు మీమీద పలుకబడిన మాట ఆ దేవుని మాట. దానికి గడువు లేదు. మిమ్మును ఆయన తన సొత్తు అనెను. మీలో ఎంత రాగి ఉన్నదని ఆయన తూచి ఆ మాట పలుకలేదు.

నాలుగవది, వెల. క్రొత్త నిబంధనను 1522లో జర్మను భాషలోనికి తెచ్చిన లూథరుగారు, బీద విధవరాలు కానుకపెట్టెలో వేసిన రెండు నాణెములకు ‘షెర్ఫ్‌లైన్’ అను తన సీమలోని మిక్కిలి చిన్న నాణెము పేరు పెట్టెను. పిచ్చుకల వెలకు ఫెన్నిగు అని వ్రాసెను. మన తెలుగు వేదములో ఈ రెండు చోట్లను కాసు అని ఉన్నది. దేవుడు మాటలాడిన చిల్లర మన చేతిలోని చిల్లరయే అని ప్రతి దేశపు బీదవాడును గ్రహింపవలెనని ఇట్లు చేసిరి.

ఆ పిచ్చుకల లెక్క కొంచెము చూడుడి. మత్తయి సువార్త పదియవ అధ్యాయములో రెండు పిచ్చుకలకు ఒక కాసు. లూకా సువార్త పండ్రెండవ అధ్యాయములో ఐదు పిచ్చుకలకు రెండు కాసులు. లెక్క ప్రకారము రెండు కాసులకు నాలుగే రావలెను. ఐదవది ఎట్లు వచ్చెను? అది కొసరు. కూరగాయలమ్ము ఆమె తూకము వేసిన తరువాత ఒక గుప్పెడు కొత్తిమీర పైన వేసినట్లు, వెల లేనిదానిగా అది వేయబడెను. ప్రభువు చెప్పినదేమనగా, ఆ కొసరు పిచ్చుకను కూడ దేవుడు మరువడు. మనకైతే వెలయే లేదని లోకము చెప్పినప్పుడు, వెండి బంగారములతో కాక క్రీస్తుయొక్క అమూల్యమైన రక్తముతో మనము విడిపింపబడితిమని పేతురు మొదటి పత్రిక మొదటి అధ్యాయము జవాబు చెప్పుచున్నది. నాణెమునకు వెల కట్టునప్పుడు అరుగుదల చూతురు, అరుదుతనము చూతురు. కల్వరియందు వెల కట్టినవాడు ఆ రెండును చూడలేదు.

ఇప్పుడు చెప్పవలసిన కష్టమైన మాట ఒకటి ఉన్నది. నాణెమునకు 12 లక్షలు వచ్చునని అనుకొన్న దినములలో, పంచలోనుండిన అవ్వ మంచము లోపలి గదిలోనికి, ఫ్యాను క్రిందికి వచ్చెను. అన్నములో గ్రుడ్డు వచ్చెను. బంధువులు వచ్చి కుశలమడిగిరి. వెల వంద రూపాయలని తేలిన వారము దినములలోపల మంచము మరల పంచలోనికి పోయెను. నేను పోయి ఆమె ప్రక్కను కూర్చుండినప్పుడు ఆమె ఎవరినిగూర్చియు ఫిర్యాదు చేయలేదు. “దొర ఇచ్చినప్పుడు దీని వెల ఎవురడిగినారయ్యా? మా తాత వాళ్ళ నాయన చెయ్యి పట్టుకొని ఇచ్చినాడంట. అంతే గదా” అనెను. అంతకంటె మంచి ప్రసంగము నేను చేయజాలను.

ఇది ఒక్క యింటి కథ కాదు. పెన్షను వచ్చు దినమున తల్లిని పలుకరించి మిగిలిన దినములు మరచు కొడుకులు మన సంఘములలో లేరా? పొలము తన పేర వ్రాయువరకు మామగారిని అయ్యా అని పిలిచి, వ్రాసిన మరునాడు విస్తరి ముందు విసరువారు మన బల్లయొద్దకు వచ్చుట లేదా? విధవరాలి పిల్లలైనను మనుమలైనను మొదట తమ యింటిలో భక్తి కనుపరచి పెద్దలకు ప్రత్యుపకారము చేయ నేర్చుకొనవలెనని పౌలు తిమోతికి వ్రాసెను. స్వకీయులను విచారింపనివాడు విశ్వాసమునే విడిచినవానితో సమానుడని కూడ వ్రాసెను. ఇది నా మాట కాదు, వాక్యము. ఫెన్నిగును లక్ష్యపెట్టనివాడు తాలరునకు తగడని జర్మను ప్రజలలో ఒక సామెత ఉన్నది. పంచలోనున్న తల్లిని లక్ష్యపెట్టనివాడు ఆలయములోనున్న దేవుని ఎట్లు ఘనపరచగలడు?

సంగతి విన్న ఆ మనుమడు మారుమాట చెప్పలేదు. ఆ సాయంకాలమే మంచమునకు ఒక కొన తాను, రెండవ కొన తన తల్లి పట్టుకొని లోపలికి తెచ్చిరి. ఫ్యాను క్రింద ఒకరి చోటు తగ్గెను. ఆ తగ్గినది అతని చోటే.

ప్రియమైన సంఘమా, ఈ నెలలో మీరు చేయవలసినవి రెండు. మీ యింట పాత నాణెమున్నయెడల దానిని తోమక, ఎవరికిని ముందు డబ్బు కట్టక, ఎవరిచ్చిరో ఆ కథతోకూడ పిల్లలకు అప్పగింపుడి. మీ యింట అరిగిపోయిన మనుష్యుడున్నయెడల, వెలుగునకు సరిగా పట్టి చూడుడి. ఆ ముఖముమీద ఎవరి ముద్ర ఉన్నదో చదువుడి. ఎవరిదో వారికి చెల్లింపుడి.

ప్రార్థన: మమ్మును నీ స్వరూపమందు చేసిన తండ్రీ, మాలో అరిగిపోయిన నీ ముద్రను నీ కుమారునియందు క్రొత్తగా వేయుము. మనుష్యులను రూకలతో లెక్కించు మా కన్నులను కడుగుము. లోకము కొసరుగా విడిచినవారిని నీవు మరువని దేవుడవు గనుక, మేమును వారిని మరువకుండ కృప దయచేయుము. గడువులేని నీ మాటయందు మమ్మును నిలుపుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.